కొలత ఇచ్చేవాళ్ళు లేని పని

ప్రశ్న: పెద్దన్నకు నమస్తే. మాది మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఒక చిన్న పల్లె. నాకు 62 ఏళ్ళు. పదహారో ఏట మా బాపు చేతికి చెక్క నునుపు చేసే రందా ఇచ్చాడు. అప్పటి నుంచి దర్వాజాలు, కిటికీలు, మంచాలు, నాగళ్ళు, ఎడ్లబండ్లు అన్నీ చేశాను. ఇప్పుడు ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా రెడీమేడ్ తలుపులే తెచ్చి బిగిస్తున్నారు. నా మోకాళ్ళు కూడా నిలబడనివ్వడం లేదు. చంద్రపూర్‌లో ఉద్యోగం చేసే కొడుకు 'ఇక చాలు బాపూ, కూర్చో' అంటాడు. కూర్చుంటే పిచ్చి పట్టేలా ఉంది. పోయిన చలికాలం ఇంట్లో పడి ఉన్న టేకు దుంగతో నెమలిని చెక్కాను. చూసినవాళ్ళు 'దీన్నేం చేసుకోవాలి?' అని నవ్వారు. ఒక బంధువు మాత్రం 300 రూపాయలకు అడిగాడు, ఇవ్వలేదు. ఎండాకాలం వచ్చేసరికి అది మెడ నుంచి రొమ్ము దాకా పగిలింది. ఈ వయసులో ఇలాంటి అలంకారం పని నేర్చుకోవచ్చా? మిషన్లు కొనాలా? చెక్క ఎందుకు పగిలింది? ఎవరైనా కొంటారా? మా ఇంటామెకు ఈ దుమ్ము పడటం లేదు. నాకూ నెల నుంచి దగ్గు. నేను చదివింది మరాఠీ బడిలో, ఏడో తరగతి దాకా. తెలుగు మాట్లాడతాను గానీ రాయడం రాదు. చెన్నూరు నుంచి వచ్చిన మా కోడలు ఈ ఉత్తరం రాసిపెట్టింది.

సమాధానం:

తమ్ముడూ,

ముందు దగ్గు సంగతి. నెల నుంచి దగ్గుతూ నెమలి గురించి అడుగుతున్నారు చూడండి, అదీ వడ్రంగి బుద్ధి! రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, సర్కారు దవాఖానాలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. డబ్బులు తీసుకోరు. టీబీ లేదని తేలితే ఒక టెన్షన్ పోతుంది. ఈ జవాబు కోడలితో పూర్తిగా చదివించుకునేలోపే ఏ రోజు వెళ్ళాలో అనుకోండి.

మీ ఇంటామె మాట కూడా కొట్టిపారేయకండి. చెక్క దుమ్ము మట్టి లాంటిదేనని మన తరం అనుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే దాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. ఎక్కువగా ముక్కు లోపలి భాగానికి ముప్పు. నేను ఉద్యోగమంతా మూతికి తువ్వాలు కట్టుకునే పనిచేశాను. తువ్వాలు ముతక పొట్టును ఆపుతుంది, కంటికి కనపడని పొడిని ఆపదు. రందా పట్టినప్పుడు వచ్చే చుట్టలతో అంత భయం లేదు గానీ సాండ్ పేపర్ రుద్దినప్పుడు లేచే పొడి చెడ్డది. అలంకారం పనిలో సగం రోజు రుద్దుడే. ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఇంట్లో కాకుండా చెట్టు కింద కూర్చోండి. పని అయ్యాక చీపురు పట్టకండి, తడిగుడ్డతో తుడవండి. మా ఇంట్లో నాకూ మా ఆవిడకూ చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, పని చొక్కా గడప దాటి లోపలికి రాకూడదు. పదేళ్ళుగా అది దండెం మీదే ఉంటోంది.

ఇక పని. నా కథ చెబితే మీ ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే దొరుకుతాయి.

నేను బల్లార్షా వైపు ఒక బొగ్గు గని వర్క్‌షాపులో వడ్రంగిగా చేశాను. క్వార్టర్ల తలుపులు, ఆఫీసు బల్లలు, పారలకు కామలు, ఎవరైనా పెద్దాఫీసరు బదిలీ అయి వస్తే పుస్తకాల బీరువా. 2013లో రిటైరయ్యాను. మొదటి నెల ఇంటికి ఒక పీట చేశాను. రెండో నెల ఇంకో పీట. తర్వాత దేవుడి గూడు, పప్పుల పెట్టె, మళ్ళీ పీటలు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో ఎనిమిది పీటలున్నాయి, కూర్చునేవాళ్ళం ఇద్దరం. ఇక చాలనిపించి, గోడకు తగిలించే అందమైనదేదైనా చేద్దామని మంచి టేకు పలక ఒకటి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. చెవి మీద పెన్సిల్. పొద్దున ఎనిమిదింటికి నిలబడితే పదకొండు దాకా ఒక్క గీత గీయలేకపోయాను. చేతులు వణికాయి అంటే నమ్ముతారా? బీరువాకైనా వణకని చేతులు.

ఎందుకో చాలా రోజులకు అర్థమైంది. మన బతుకంతా ఎవరో వచ్చి మూడు ముక్కలు చెబితేనే పని మొదలు: ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎప్పటికి కావాలి. ఆ కొలత వాళ్ళది, కోత మనది. అలంకారం పనిలో ఆ మూడూ చెప్పేవాళ్ళు ఉండరు. ఎంత పెద్దగా చేయాలి, ఎక్కడ ఆపాలి, ఎప్పుడు 'అయింది' అనాలి, ఇవన్నీ మనమే చెప్పుకోవాలి. చేతికి 40 ఏళ్ళ అనుభవం ఉంది, ఈ చెప్పుకోవడానికి ఒక్క రోజు అనుభవం లేదు. మీరు ఎవరైనా కొంటారా అని అడుగుతున్నారు. కొనేవాళ్ళ కన్నా ముందు మీకు కొరవడింది కొలత అని నాకనిపిస్తోంది. మీ నెమలి ఎత్తు ఎంత? ఎందుకంత? దుంగ అంత ఉంది కాబట్టి అంత, అవునా? నేనూ అలాగే మొదలుపెట్టాను.

దానికి నేను పట్టిన ఉపాయం నవ్వొచ్చేలా ఉంటుంది. వర్క్‌షాపులో మాకు ప్రతి పనికీ జాబ్ కార్డు ఉండేది. అలాంటి కాగితం నాకు నేనే రాసుకున్నాను. 'రామచిలుక. 12 అంగుళాలు, 9 అంగుళాలు. నాలుగు రకాల చెక్క. దీపావళికి.' కింద సంతకం కూడా పెట్టాను. గిరాకీ నేనే, మేస్త్రీ నేనే. కార్డు మేకుకు తగిలించాక చేతులు వణకలేదు. మీరూ రాసుకోండి. మరాఠీలోనే రాసుకోండి, ఎవరు చూస్తారు?

ఇంకోటి, కంటికి సంబంధించింది. చెక్కలో ముడి కనిపిస్తే మనం ఏం చేశాం? పక్కన పడేశాం, లేదా తలుపు వెనక్కి తిప్పాం. తెల్ల చెక్క వస్తే పాలిష్‌లో రంగు కలిపి కప్పేశాం. గిరాకీకి చెక్కలో ఒకే రంగు, ఒకే రకం గీత కావాలి మరి. ఇప్పుడు ఆ పారేసినవే సరుకు. ముడి చుట్టూ తిరిగిన గీతలు నెమలి కన్ను అవుతాయి. లోపలి గట్టి చేవకూ పైన ఉన్న తెల్ల చెక్కకూ మధ్య అంచు నది ఒడ్డులా ఉంటుంది. నా షెడ్డులో మూడు బస్తాల తుక్కు ఉంటే, పొయ్యిలోకి ఇచ్చేయబోయి ఆగి, ఒక రోజంతా ఒక్కో ముక్కా నీళ్ళు చల్లి చూశాను. తడిపితే చెక్క అసలు రంగు బయటికి వస్తుంది, మీకు తెలిసిందే. ఆ సాయంత్రం రెండు బస్తాలు దాచుకున్నాను.

మీకు నేను సూచించే పని ఇంటార్సియా. పేరు ఇటలీది. అక్కడ 500 ఏళ్ళ కిందటే రాజుల గదుల గోడలకు రకరకాల చెక్క ముక్కలు పేర్చి బొమ్మలు కట్టారు. ఇప్పుడు చాలామంది చేసే తీరు ఇది: బొమ్మను ముక్కలుగా గీసుకుంటారు, ఒక్కో ముక్కను ఒక్కో రంగు చెక్కలో కోస్తారు, ఒక్కోదాన్ని ఒక్కో మందంలో అంచులు గుండ్రం చేస్తారు, అన్నిటినీ కలిపి వెనక పల్చటి ప్లైవుడ్‌కు అతికిస్తారు. రంగు పూయరు. మైసూరులో జిట్రేగి (రోజ్‌వుడ్) పలకలో గుంట తీసి వేరే చెక్క పొదుగుతారు చూడండి, దానికి ఇది చుట్టమే గానీ గుంట తీసే పని ఉండదు. పెద్ద దుంగ అక్కర్లేదు, తుక్కు చాలు. కూర్చుని చేయొచ్చు కాబట్టి మోకాళ్ళకు ఇబ్బంది లేదు. దుంగ చెక్కినట్టు పగిలే భయమూ తక్కువ. మీ నెమలిని వదిలేయమని నేను అనడం లేదు. దుంగ చెక్కడం ఇంకా కష్టమైన విద్య, దాన్ని రెండో ఏటికి పెట్టుకోండి.

మన అడవికి ఈ పని కోసమే రంగులు పెట్టారేమో అనిపిస్తుంది. బంగారు గోధుమ రంగుకు టేకు. ముదురు ఊదాకు జిట్రేగి, మరాఠీవాళ్ళ శిసవ్. ఎర్రటి గోధుమకు వేప, నల్లతుమ్మ. ముదురు గోధుమకు నల్లమద్ది. నలుపుకు ముసలి తునికి చెట్టు నడుమ ఉండే చేవ, దొరికితే అదృష్టం. తెలుపుకు అంకుడు. పసుపుకు పనస, హల్దు. ఈ పసుపు దగ్గర ఒక జాగ్రత్త. నేను పనస చెక్కతో పొద్దుతిరుగుడు పువ్వు చేసి మా అమ్మాయి ఇంటికి ఇచ్చాను. రెండేళ్ళకు వెళ్ళి చూస్తే పువ్వు వాడిపోయినట్టు గోధుమ రంగుకు తిరిగింది. అల్లుడు మర్యాదస్థుడు, ఏమీ అనలేదు. పనస వెలుతురుకు ముదురుతుంది. టేకు దీనికి ఉల్టా: కోసిన రోజు పచ్చ పచ్చగా, మచ్చలు మచ్చలుగా ఉండి, కొన్ని వారాలు వెలుతురు తగిలాక ఒక్క రంగుకు వస్తుంది. అందుకని కోయగానే టేకును చూసి 'రంగు బాలేదు' అని పారేయకండి.

వడ్రంగిగా మీకు ఇందులో ఒక లాభం, ఒక నష్టం. లాభం, గీత ఎటు పోతోందో మీకు చూడకుండానే తెలుస్తుంది. రెక్కకు గీత ఈక దిశలో పెట్టాలి, మెడకు వంపు వెంట పెట్టాలి. కొత్తవాళ్ళకు ఇది తెలియడానికే రెండేళ్ళు పడుతుంది. నష్టం, మన చెయ్యి మూలమట్టానికి అలవాటుపడింది. వంపు గీయమంటే నాలుగు తిన్నటి గీతలు కలిపినట్టు వస్తుంది. నా మొదటి రామచిలుక కిటికీ రెక్కలా ఉందని మనవడు అన్నాడు, వాడన్నది నిజమే. దానికి మందు, రోజూ అరగంట పాత న్యూస్‌పేపర్ మీద పెన్సిల్‌తో వంపులు గీయడం. మణికట్టుతో కాదు, భుజం కదపాలి. ఇంకా సందులు. తలుపు జోడింపులో సందు వస్తే పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చేస్తాం. ఇక్కడ పూడిస్తే పాలిష్ కొట్టాక మచ్చ కనపడుతుంది. రెండు ముక్కలను కలిపి లైటుకు ఎదురుగా పెట్టి చూడండి. వెలుతురు వచ్చే చోట ఆకురాయితో రెండు గీతలు, మళ్ళీ చూడండి. ఈ ఓపిక వచ్చేదాకా మూడు నాలుగు ముక్కల బొమ్మలే చేయండి: ఆకు, చేప, మామిడిపిందె.

మిషన్ల గురించి. మొదటి ఏడాది ఏమీ కొనకండి. సన్నటి బ్లేడు ఉండే చేతి రంపం, కోపింగ్ సా అంటారు, కొన్ని వందల్లో వస్తుంది. బల్ల అంచుకు వీ ఆకారంలో గాటు పెట్టిన పలక బిగించి, దాని మీద ముక్క ఆనించి, రంపం నిట్టనిలువుగా పట్టి కోయాలి. పళ్ళు కిందికి ఉండాలి, లాగేటప్పుడు తెగాలి. చెక్క మందం ఆరు సూతులు, అంటే ముప్పావు అంగుళం చాలు. స్క్రోల్ సా మిషన్ సుఖమే, నేను మూడో ఏట కొన్నాను. కానీ చేత్తో కోసిన ఆ రెండేళ్ళలోనే నా వంపు కుదురుకుంది. మీ ఉలులు మీకున్నాయి, సానరాయి ఉంది. అంతకన్నా ఏం కావాలి?

డబ్బు ఇబ్బంది ఉంటే ఒకటి వినండి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులో 18 చేతివృత్తులున్నాయి, వడ్రంగం ఒకటి. ఎంపికైతే కొన్ని రోజుల శిక్షణ, ఆ రోజులకు 500 చొప్పున భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు. ఇంట్లో ఒక్కరికే. ఆధార్ పట్టుకుని ఆన్‌లైన్ సేవా కేంద్రానికి వెళ్ళి, దరఖాస్తు ఇప్పుడు తీసుకుంటున్నారా అని కనుక్కోండి. 5 శాతం వడ్డీకి అప్పు కూడా ఇస్తారు గానీ, మన వయసులో బొమ్మల కోసం అప్పు చేయడం నాకు ఇష్టం లేదు. పనిముట్ల సాయం వరకు తీసుకోండి.

ఇప్పుడు పగులు. మీ దుంగ ఎన్నాళ్ళ కిందట కొట్టినదో మీరు రాయలేదు. పచ్చిదని నా అనుమానం. పచ్చి దుంగలో పైన ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడి ఉండి ముడుచుకోదు. పైది ఎటు పోవాలి? చీలుతుంది. పైగా చెక్క నిలువుగా దాదాపు ముడుచుకోదు, చుట్టూరా ఎక్కువ ముడుచుకుంటుంది. మాను నడిబొడ్డులోని గుజ్జు బొమ్మలో ఉండిపోతే ఇక పగలక తప్పదు. మన దగ్గర మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఆ వెంటనే నెలల తరబడి వాన. ఇంత తేడాకు టేకు లాంటి నెమ్మదస్తురాలే పగిలిందంటే మామిడి సంగతి ఊహించండి.

ఆరిందో లేదో తెలుసుకునే మీటర్లు ఉన్నాయి, కొనక్కర్లేదు. ముక్క మీద పెన్సిల్‌తో తేదీ రాసి, వారానికోసారి కిరాణా కొట్టు కాంటా మీద తూచి బరువు రాయండి. నాలుగు వారాలు వరుసగా బరువు మారకపోతే ఆరినట్టే. పచ్చి పలకకు అంగుళం మందానికి ఏడాది అని మా మేస్త్రీ లెక్క. ఆరబెట్టేటప్పుడు రెండు కొసలకూ మైనం గానీ పాత పెయింటు గానీ పూయండి, కొసల నుంచే తేమ తొందరగా పోయి చీలికలు మొదలవుతాయి. అన్నిటికన్నా మేలు పాత చెక్క. కూల్చిన ఇంటి దూలాలు, విరిగిన బండి చక్రాలు, మూలన పడ్డ నాగళ్ళు 40, 50 ఏళ్ళు ఆరి ఉంటాయి. బండి చక్రం తుమ్మ చెక్క రందా పడితే లోపల వచ్చే ఎరుపు చూడాలి మీరు. కోసేముందు అయస్కాంతం తిప్పండి, లోపల మేకు ఉంటే రంపం పళ్ళు పోతాయి.

చెక్క ఎక్కడి నుంచి తెస్తారన్నది మీ తాలూకాలో ముఖ్యం. అడవిలో ఎండి పడిపోయిన కొమ్మే కదా అని టేకు తేవద్దు. దొంగ కలప అనే అనుమానం రాకుండా, సా మిల్లు తుక్కు కొంటే బిల్లు అడగండి. పాత ఇంటి చెక్కకైనా అమ్మినవాళ్ళతో కాగితం రాయించుకోండి. గోదావరి వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు నుంచి తెచ్చినా అంతే. మన టేకుకు ఉన్న గిరాకీ అలాంటిది. 2023 మార్చిలో అయోధ్య గుడి తలుపులకు వెళ్ళిన టేకు బల్లార్షా డిపో నుంచే బయల్దేరింది, ఆ రోజు లారీల ముందు జనం చేసిన ఊరేగింపు చెప్పనలవి కాదు. జిట్రేగి వాడితే ఇంకో మాట. ఆ జాతి చెక్కల మీద 2017 నుంచి అంతర్జాతీయ నియమాలున్నాయి. అమెరికాలో ఉన్న బంధువులెవరైనా 'ఒకటి పంపు' అంటే, దానికి జిట్రేగి లేని బొమ్మ చేయండి.

అతికించేటప్పుడు టేకుకు నూనె గుణం ఉంటుంది, ఫెవికాల్ సరిగా పట్టదు. అతికే అంచును థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే పూయండి. పైన మెరుపుకు నేను అవిసె నూనె, మన వైపు జవస్ నూనె, పల్చగా పూసి, ఆరాక తేనెమైనం రుద్దుతాను. మెలమైన్ పాలిష్ కొడితే గాజులా మెరుస్తుంది, అమ్మకానికి అది పనికొస్తుందేమో గానీ చెక్కను ముట్టుకున్నట్టు ఉండదు. జవస్ నూనె వాడితే ఆ గుడ్డను ఎప్పుడూ ఉండచుట్టి పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. ఒక మే నెల మధ్యాహ్నం నా షెడ్డులో ప్లాస్టిక్ బకెట్ అలాగే కాలింది. అగ్గిపుల్ల గీసినవాళ్ళు లేరు, బీడీ తాగేవాళ్ళు లేరు. మా ఆవిడ పొగ వాసన పట్టకపోతే రెండు బస్తాల తుక్కు, నేను దాచుకున్నదంతా పోయేది. గుడ్డను దండెం మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

ఇక ఎవరు కొంటారు? మొదటి ఏడాది చేసినవి అమ్మకండి అంటాను నేను. కొడుకు ఇంటికి, బడికి, గుడికి ఇవ్వండి. ధర అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర లెక్క ఉండాలి, ఆ లెక్క మొదటి ఏడాదిలోనే తయారవుతుంది. ఏ బొమ్మకు ఎన్ని గంటలు పట్టిందో ఆ జాబ్ కార్డు వెనకే రాయండి. రోజు కూలితో గుణిస్తే వచ్చిన ధర చూసి మీరే భయపడతారు. అప్పుడు అర్థమవుతుంది పెద్ద నెమళ్ళతో కాదు, ఒక పలకలో ఐదారు వచ్చే వాటితో మొదలుపెట్టాలని.

మన దగ్గర అలాంటిది కళ్ళ ముందే ఉంది, చక్రాల ఎద్దు. మనకు పొలాల అమావాస్య, మరాఠీవాళ్ళకు పోళా. మర్నాడు తాన్హా పోళాకు పిల్లలు చెక్క ఎద్దును అలంకరించి తాడు కట్టి ఇంటింటికీ లాక్కెళ్తారు. బజారులో దొరికేవాటిలో చాలావరకు మెత్తటి చెక్కకు ఎనామెల్ పెయింటు పూసినవే. టేకు ఒళ్ళు, తునికి కొమ్ములు, అంకుడు గంగడోలు పెట్టి, రంగు లేకుండా మైనం రుద్దిన ఎద్దు ఒకటి చేసి చూడండి. తాతలు మనవళ్ళకు కొంటారు, అది ఇంట్లో అలంకారంగా ఉండిపోతుంది. ఈ ఏడాదికి ఆలస్యమైంది. దీపావళి తర్వాత మొదలుపెడితే వచ్చే పోళాకు పాతిక ఎద్దులవుతాయి. రంగు పూయడం తప్పని నేను అనను. నిర్మల్‌లో, కొండపల్లిలో పొనికి చెక్కకు రంగే అందం. ఆ చెక్క తేలిక, మెత్తన, గీతలో చూడటానికి ఏమీ ఉండదు. కొండపల్లి వాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో భాగాలు అతికి ఆ అతుకు రంగు కింద దాస్తారు. టేకుతో బతికిన మనకు దాచే పని ఎందుకు? వీలైతే ఒకసారి నిర్మల్ వెళ్ళి చూసి రండి, కొనడానికి కాదు, వాళ్ళు ఒక జంతువును ఎన్ని కోతల్లో తెస్తారో లెక్కపెట్టడానికి.

రెండోది ఇంటి ముందు పేరు పలకలు. ఇది నాకు బాగా ఇష్టమైన పని, కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. మన దగ్గర గేటు మీద పేరు మరాఠీలో ఉంటుంది, లోపల మాటలు తెలుగులో ఉంటాయి. నేను మొదట మరాఠీ అక్షరాలు కోశాను, సులువుగా వచ్చాయి. నాగరి అక్షరాలకు పైన గీత ఉంది కదా, అది దూలం లాంటిది. అక్షరాలన్నీ దానికి వేలాడతాయి, పేరంతా ఒక్క ముక్కగా వస్తుంది. చెక్క గీతను ఆ దూలం వెంట పెడితే బలంగా ఉంటుంది. తర్వాత ఒక తెలుగు మాస్టారు పేరు అడిగారు. తమ్ముడూ, మన అక్షరానికి దూలం లేదు. ఒక్కోటీ విడిగా కూర్చుంటుంది, గుండ్రంగా. తలకట్టు చూడండి, కోతిపిల్ల పట్టుకున్నట్టు అక్షరం నెత్తిన చిన్న కొనతో నిలబడుతుంది. గీతకు అడ్డంగా పడిందంటే పుటుక్కున ఊడుతుంది. 'రా'కు దీర్ఘం మూడుసార్లు విరిగింది నాకు. చివరికి అక్షరాలు విడిగా కోయడం మానేసి, తెల్ల పలక మీద ముదురు చెక్క అక్షరాలు పొదిగాను. చుట్టూ పలక ఆసరా ఉంటుంది కాబట్టి తలకట్టు నిలిచింది. ఒత్తులకు మాత్రం ఇప్పటికీ భయమే, 'లక్ష్మి' అనే పేరు వస్తే రెండు రోజులు ఎక్కువ అడుగుతాను.

మీకు తెలుగు రాయడం రాదన్నారు. కోడలిని ఒక్కో అక్షరం పెద్దగా కాగితం మీద రాయమనండి, దాన్ని అట్ట మీద అతికించి కోయండి. చదువుకున్నవాడు అక్షరాన్ని చూడకుండా చదివేస్తాడు. మీరు దాని వంపు, మందం, ఎక్కడ విరుగుతుందో అన్నీ చూస్తారు. ఒక ఏడాదిలో 56 అక్షరాలూ వచ్చేస్తాయి, పలకలు కూడా అమ్ముడుపోతాయి.

కొడుకు కూర్చోమన్నది ప్రేమతోనే, ఆయనతో వాదన పెట్టుకోకండి. రోజుకు మూడు గంటలే చేస్తానని చెప్పండి, అన్నట్టే మూడు గంటలు కాగానే లేవండి. మనకు పని కట్టేయడం రాదు, అదీ అసలు ఇబ్బంది. నేను అలారం పెట్టుకుంటాను.

ఇక పగిలిన నెమలి. పుట్టీ పెట్టకండి, వచ్చే వేసవికి ఊడిపడుతుంది. ఇప్పుడు వానల్లో చెక్క ఉబ్బి పగులు మూసుకున్నట్టు కనిపిస్తుంది, అది చూసి ఫెవికాల్ పోసి బిగించినా పని చేయదు. సంక్రాంతి దాకా ఆగండి. అప్పటికి అది చాలావరకు తన తీరుకు వచ్చి ఉంటుంది. చింత చేవతో డమరుకం ఆకారంలో, రెండు పక్కలా వెడల్పు, నడుమ సన్నగా, రెండు బద్దలు చేయండి. మూడు సూతుల మందం సరిపోతుంది. బద్ద గీత పగులుకు అడ్డంగా ఉండాలి. పగులు మీద బద్దను పెట్టి చుట్టూ సన్నటి కత్తితో గీసి, గుంట తీసి, జిగురు పూసి కొట్టి దించండి. పైన అర సూతు మిగల్చి, ఆరాక చెక్కి సమం చేయండి. పగులును అలాగే కనపడనివ్వండి, ముదురు రంగు బద్దలు మెడలో నగ పెట్టినట్టు ఉంటాయి. ఆ తర్వాత నెమలిని వసారాలో నలుగురికీ కనపడేచోట పెట్టండి. 300 ఇస్తానన్న ఆ బంధువు మళ్ళీ అడుగుతాడు. ఈసారి కూడా ఇవ్వకండి.